ఉన్న కంపెనీలోంచి ఒక సాఫ్ట్‌వేర్‌ను వేరు కంపెనీగా నిలబెట్టడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరంలో ఇప్పుడు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు చాలానే ఉన్నాయి. పది పన్నెండు మంది ఉంటారు. వెబ్‌సైట్లు చేస్తారు, కాలేజీలకు ఫీజుల యాప్ చేస్తారు, ఎవరైనా అడిగితే బిల్లింగ్ ప్రోగ్రాం రాసిపెడతారు. వాటిలో ఏదో ఒకటి ఎవరూ పెద్దగా అమ్మకుండానే నలుగురి నోటా పడి పాకుతుంది. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి చేసిన లెక్కల సాఫ్ట్‌వేర్ అనుకోండి. పక్క ఫ్యాక్టరీ వాళ్ళు తమకూ కావాలంటారు, తర్వాత కాశీబుగ్గ నుంచి ఇంకొకరు. కొన్నాళ్ళకు ఆఫీసులో సగంమంది దాని మీదే కూర్చుంటారు. దీన్ని వేరే కంపెనీగా పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడే వస్తుంది.

మంచి ఆలోచనే. మన జిల్లాల నుంచి ఇలాంటి ప్రొడక్టు కంపెనీలు రావాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. అయితే కంపెనీ రిజిస్టర్ చేయడం ఇందులో అన్నిటికన్నా తేలిక పని. దేనికి ఎవరు సొంతదారో, ఎవరి బాధ్యత ఎక్కడితో ఆగుతుందో రాతలో పెట్టుకోవడమే అసలు పని. “మనలో మనకి కాగితాలెందుకు” అనుకున్నచోట మంచి సాఫ్ట్‌వేర్లు నలిగిపోతాయి. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు బావి ఎవరిది, దారి ఎవరిది అని రాసుకున్నట్టే ఇక్కడా రాసుకోవాలి.

1. అది ప్రొడక్టా, ప్రాజెక్టా తేల్చుకోండి

పలాసలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. రైతు అడిగే ధర అయినా, వ్యాపారి చెప్పే ధర అయినా ఆ 80 కిలోల మీదే. మొదటి కస్టమరుకు రాసిన రోజుల్లో మీ కుర్రాళ్ళు ఆ 80ని నేరుగా కోడ్‌లోనే పెట్టేసి ఉంటారు. కొనుగోలు స్క్రీన్‌లో ఒకచోట, స్టాకు రిపోర్టులో ఇంకోచోట, కూలీ లెక్కలో మరోచోట. రేపు కొల్లంలోనో మంగళూరులోనో ఒక ఫ్యాక్టరీ తమకు లెక్కంతా కిలోల్లో కావాలంటే సెట్టింగులో ఒక అంకె మారిస్తే సరిపోతుందా, కోడ్ తెరిచి 80 ఎక్కడెక్కడ ఉందో వెతకాలా? వెతకాల్సి వస్తే మీ చేతిలో ఉన్నది ఒక ఊరికి చేసిన ప్రాజెక్టు. దాన్ని సరిచేశాకే వేరు కంపెనీ మాట ఎత్తండి.

తర్వాత డబ్బు లెక్క. ట్యాలీలో దీనికోసం ఒక కాస్ట్ సెంటర్ (విడి పద్దు) తెరిచి, కనీసం ఆరు నెలలు ఆదాయం, ఖర్చు విడిగా రాయించండి. సర్వర్ బిల్లు అందరికీ గుర్తుంటుంది. రాత్రి తొమ్మిదింటికి వ్యాపారి ఫోన్ ఎత్తే కుర్రాడి జీతం, సగం రోజు దీనికి టెస్టింగ్ చేసే అమ్మాయి జీతం, అద్దెలో వాటా, మీ సొంత సమయం మాత్రం పాత కంపెనీ ఖాతాలో కలిసిపోయి కనపడవు. వాటినీ కలిపి చూడండి. నష్టం వచ్చినా ఫర్వాలేదు. ఆ నష్టాన్ని ఎన్నాళ్ళు, ఎవరి డబ్బుతో భరిస్తారో చెప్పగలిగితే చాలు.

2. కోడ్ ఎవరిదో కాగితం మీద చూపించండి

ఈ అడుగు మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. రేపు పెట్టుబడిదారుడు వచ్చినా, కొనేవాడు వచ్చినా మొదట అడిగేది ఇదే.

1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనల కింద లెక్కిస్తుంది. జీతానికి పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. బయటివాళ్ళ విషయంలో అలా కాదు. విశాఖలో ఉన్న ఫ్రీలాన్సర్‌కు డబ్బిచ్చి రిపోర్టుల భాగం రాయించారనుకోండి. డబ్బు మీరిచ్చినా, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోకపోతే హక్కు అతనిదే. రాజాం నుంచో చింతలవలస నుంచో ఇంటర్న్‌షిప్‌కు వచ్చి, స్టైపెండ్ కూడా లేకుండా మూడు స్క్రీన్లు రాసి వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థుల సంగతీ తేల్చుకోవాల్సిందే. వాళ్ళు ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. ఇప్పుడు ఫోన్ చేసి అడిగితే సంతోషంగా సంతకం పెడతారు. కంపెనీకి డబ్బొచ్చిందని పేపర్లో చూశాక అడిగితే మాట వేరుగా ఉంటుంది.

కాబట్టి గిట్ చరిత్ర (కోడ్‌ను ఎవరు ఎప్పుడు మార్చారో ఉండే రికార్డు) తీసి, కోడ్‌లో చెయ్యి పెట్టిన ప్రతి పేరూ రాసుకోండి. ప్రతి పేరు పక్కనా అప్పట్లో ఉద్యోగా, ఫ్రీలాన్సరా, ఇంటర్నా, కాగితం ఉందా లేదా అన్నది రాయండి. కాగితం లేనివాళ్ళందరి దగ్గరా హక్కుల బదిలీ పత్రం తీసుకోండి.

ఆ పత్రంలో మూడు మాటలు తప్పకుండా ఉండాలి. బదిలీ ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళకే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. పైగా హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా వాడకపోతే ఆ బదిలీ చెల్లకుండా పోతుంది, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప. ఇవన్నీ సెక్షన్ 19లో ఉన్నాయి. “కాపీరైట్ అమలులో ఉండే పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, వాడకం ఎప్పుడు మొదలైనా ఈ బదిలీ రద్దు కాదు” అన్న అర్థం వచ్చే వాక్యం లాయరుతో పెట్టించండి.

ఈ బదిలీ రెండు మెట్లలో జరగాలి. మొదట రాసినవాళ్ళ నుంచి పాత కంపెనీకి, తర్వాత పాత కంపెనీ నుంచి కొత్తదానికి. మొదటి మెట్టు లేకుండా రెండోది ఎక్కలేరు. మీది కానిదాన్ని మీరు రాసివ్వలేరు కదా.

మొదటి కస్టమరు ఇచ్చిన పర్చేజ్ ఆర్డరు కూడా తీసి చదవండి. “సోర్స్ కోడ్‌తో సహా మాకు అప్పగించాలి” అని ఒక లైను అందులో ఉండొచ్చు. ఉంటే ఆయన దగ్గరకు వెళ్ళి, ఆయన వాడుకునే హక్కుకు ఢోకా లేదని రాసిచ్చి, యాజమాన్యం మీదని రాయించుకోండి. కోడ్‌లో వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీల లైసెన్సులూ చూడండి. ఎంఐటీ రకమైతే పేచీ ఉండదు. జీపీఎల్, ఏజీపీఎల్ రకాలు ఉంటే కోడ్ బయటపెట్టాల్సిన షరతులు ఉంటాయి కాబట్టి, తెలిసినవాళ్ళతో చూపించండి.

ఇక ఉమ్మడి ముక్కలు. లాగిన్, ఎస్‌ఎంఎస్, పీడీఎఫ్ ప్రింటింగ్ లాంటివి కాలేజీ యాప్‌లోనూ ఇందులోనూ ఒకే కోడ్ అయి ఉంటాయి. రెండోవాళ్ళకు వాడుకునే హక్కు లేకుండా వాటిని ఒకరికే రాసివ్వకండి. ఒకరు సొంతదారుగా ఉండి, రెండోవాళ్ళకు శాశ్వతంగా, ఉచితంగా వాడుకుని మార్చుకునే లైసెన్సు ఇవ్వడం మేలు.

3. ఏ దారిలో విడదీయాలి

పాత సంస్థ ప్రొప్రైటర్‌షిప్పో భాగస్వామ్యమో అయితే కంపెనీల చట్టం కింద డీమెర్జర్ (కంపెనీని రెండుగా చీల్చడం) మీకు వర్తించదు. అమ్మకమో లైసెన్సో ఎంచుకోవాలి. పాతది కూడా ప్రైవేట్ లిమిటెడ్ అయితే మూడు దారులుంటాయి.

మొదటిది, కోడ్, బ్రాండ్ లాంటివి ఒక్కొక్కటిగా ధర కట్టి అమ్మడం. రెండోది స్లంప్ సేల్: ఆస్తులు, అప్పులు, ఒప్పందాలు, మనుషులతో సహా ఆ వ్యాపారాన్నంతా ఒకే మొత్తానికి అమ్మడం. విడివిడిగా ధరలు కట్టరు. నడుస్తున్న వ్యాపారంగా బదిలీ చేస్తే దానిమీద జీఎస్‌టీ లేదు. వాడని ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నవాటి మీద ముందే కట్టిన జీఎస్‌టీ జమను) ఐటీసీ-02 ఫారంతో కొత్త సంస్థకు పంపొచ్చు. కోడ్‌ను విడిగా అమ్మితే మాత్రం 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. మూడోది డీమెర్జర్. అందులో పాత కంపెనీ వాటాదారులకే కొత్త కంపెనీ షేర్లు వస్తాయి, షరతులు పాటిస్తే ఆదాయపు పన్ను భారం ఉండదు. కానీ కంపెనీల చట్టంలో సెక్షన్ 230 నుంచి 232 దాకా ఉన్న పద్ధతిలో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ లా ట్రిబ్యునల్) అనుమతి కావాలి. చిన్న కంపెనీలకు సెక్షన్ 233 కింద కాస్త దగ్గరి దారి ఉంది.

పన్నెండు మంది ఆఫీసుకు చాలావరకు స్లంప్ సేలే సరిపోతుందని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త ఉంది. మీరే రాసుకున్న కోడ్‌కు పుస్తకాల్లో విలువ దాదాపు సున్నా. కాబట్టి అమ్మిన ధరలో చాలా భాగం లాభం కింద లెక్కకొస్తుంది. ధర తక్కువ రాసుకుందామంటే కుదరదు. 2021 నుంచి మార్కెట్ విలువను నిబంధన ప్రకారం కట్టి పన్ను లెక్కిస్తున్నారు. వాల్యుయేషన్ రిపోర్టు, సీఏ సర్టిఫికెట్ తీసుకునే ముందుకెళ్ళండి. పాత కంపెనీకి బ్యాంకు లోను ఉంటే, ఆస్తులు కదిపేముందే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) రావాలి.

4. వాటాలు ఎవరికి

ఇన్ఫోసిస్ 2015లో ఫినకిల్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎడ్జ్‌వెర్వ్ అనే తన సొంత అనుబంధ కంపెనీకి బదిలీ చేసింది. యాజమాన్యం మొత్తం తన దగ్గరే ఉంచుకుంది. సిటీకార్ప్ ఓవర్సీస్ సాఫ్ట్‌వేర్ నుంచి 1990ల మొదట్లో విడివడ్డ సంస్థ ఇంకో దారి పట్టింది. అది ఫ్లెక్స్‌క్యూబ్ అనే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది, ఐ-ఫ్లెక్స్‌గా పేరు మార్చుకుంది, చివరికి ఒరాకిల్ చేతికి వెళ్ళింది. మీది ఏ దారో ముందే తేల్చుకోండి. బయటి పెట్టుబడి తేవాలన్నా, నడిపేవాళ్ళు సొంతమనుకుని నడపాలన్నా, నూటికి నూరు శాతం పాత కంపెనీ దగ్గరుంటే కుదరదు.

ప్రొడక్టును నిజంగా నడిపించే మనిషికి మొదటి రోజే వాటా ఇవ్వండి. కంపెనీ పెట్టేటప్పుడు షేరు ముఖవిలువకే దొరుకుతుంది. రెండేళ్ళ తర్వాత విలువ పెరిగాక అదే వాటా ఇవ్వబోతే పన్ను చిక్కులొస్తాయి. అయితే నాలుగేళ్ళలో విడతలుగా సొంతమయ్యేట్టు, ఏడాదిలోపు వెళ్ళిపోతే ఏమీ రాకుండా ఒప్పందం రాసుకోండి.

ఇంకోమాట. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి కదా అని మన దగ్గర భార్య పేరో మావయ్య పేరో రాసేయడం అలవాటు. డైరెక్టరంటే చట్టప్రకారం బాధ్యత ఉన్న మనిషి. పని తెలియని, చదవకుండా సంతకాలు పెట్టే మనిషిని అందులో ఇరికించకండి.

5. రిజిస్ట్రేషన్

కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైటులో స్పైస్ ప్లస్ ఫారంతో పేరు, కంపెనీ, పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్‌ఐ, బ్యాంకు ఖాతా అన్నీ ఒకేసారి వస్తాయి. 15 లక్షల వరకు అధీకృత మూలధనానికి (కంపెనీ జారీ చేయగల షేర్ల గరిష్ట మొత్తానికి) ఎంసీఏ ఫీజు లేదు, స్టాంపు డ్యూటీ వేరు. ఆఫీసు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరే ఉంటే అదే చిరునామా పెట్టుకోండి. హైదరాబాదు అడ్రసు అక్కర్లేదు. కరెంటు బిల్లు, ఇంటి యజమాని ఎన్‌ఓసీ చాలు. మన కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు విజయవాడలో ఉంది. వ్యాపారం మొదలుపెట్టామన్న ఐఎన్‌సీ-20ఏ ఫారం 180 రోజుల్లో వెయ్యాలి. 30 రోజుల్లో ఆడిటర్ని పెట్టుకోవాలి.

ట్రేడ్‌మార్కు సాఫ్ట్‌వేర్‌కు వర్తించే 9, 42 తరగతుల్లో వెయ్యండి. పాత కంపెనీ పేరుతో అది ఇప్పటికే ఉంటే బదిలీ రికార్డు చేయించండి.

6. స్టార్టప్ గుర్తింపు మీద లెక్కలు వేసుకోకండి

దీని గురించి చాలామందికి ముందే ఎవరూ చెప్పరు. 2019 ఫిబ్రవరి నాటి డీపీఐఐటీ (స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం) నోటిఫికేషన్ స్టార్టప్ అంటే ఏమిటో చెబుతూనే, ఉన్న వ్యాపారాన్ని చీల్చిగానీ పునర్నిర్మించిగానీ పెట్టిన సంస్థ స్టార్టప్ కిందకు రాదని చెప్పింది. స్టార్టప్‌లకు ఇచ్చే మూడేళ్ళ పన్ను మినహాయింపుకూ ఇదే షరతు ఉంది. దరఖాస్తులో ఈ విషయం దాచి గుర్తింపు తెచ్చుకున్నా అది తర్వాత రద్దు కావచ్చు. ఆ మినహాయింపు వస్తుందనుకుని ధర, జీతాలు ఖాయం చేసుకోకండి. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ మాత్రం చేసుకోండి. ట్రేడ్‌మార్కు ఫీజు తరగతికి 9,000 బదులు 4,500 కావడానికి అదే సరిపోతుంది.

7. మనుషులు

ఎవరు కొత్తదానికి వెళ్తారో వాళ్ళతో విడివిడిగా మాట్లాడండి. రాజీనామా చేయించి కొత్తగా చేర్చుకుంటే పాత సర్వీసు లెక్క తెగిపోతుందేమో అన్న భయం వాళ్ళకు సహజం. “మీ సర్వీసు ఇంత తేదీ నుంచి కొనసాగుతుంది, గ్రాట్యుటీకి, సెలవులకు పాత కాలం కలుస్తుంది” అని నియామక పత్రంలోనే రాసివ్వండి. పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగి శాశ్వత నంబరు) మారదు, సంస్థ మాత్రమే మారుతుంది. రెండు చోట్లా సగం సగం పనిచేసే మనిషిని ఎక్కువ రోజులు అలాగే ఉంచకండి. పని రెండుచోట్లా వచ్చి పడుతుంది, జీతం దగ్గరకొచ్చేసరికి ఎవరిస్తారన్న చర్చ మొదలవుతుంది.

8. ఎప్పుడు మారాలి, కస్టమర్లకు ఎలా చెప్పాలి

సీఏలకు ఏప్రిల్ 1 ఇష్టం, లెక్కలు శుభ్రంగా ఉంటాయి. పలాసలో మార్చి నుంచి మే దాకా పిక్కల సీజను. బస్తాలు దిగుతున్నప్పుడు బిల్లింగ్ ఒక పూట ఆగినా ఆ వ్యాపారి మిమ్మల్ని మళ్ళీ నమ్మడు. నేనైతే ఆషాఢం ఎంచుకుంటాను. పెళ్ళిళ్ళుండవు, సరుకు కదలిక తగ్గుతుంది. ఆషాఢంలో కొత్త కంపెనీ ఏమిటని ఇంట్లో అంటారు. కంపెనీని ముందే మంచిరోజు చూసి రిజిస్టర్ చేయించండి, సర్వర్లు, బిల్లులు మార్చే పని ఆషాఢంలో పెట్టుకోండి. మీ కస్టమర్లు వస్త్ర దుకాణాలో, రైస్ మిల్లులో, కాలేజీలో అయితే వాళ్ళ సీజను బట్టి లెక్కవేసుకోండి.

కస్టమరుకు వాట్సాప్‌లో ఒక నోటీసు పంపి ఊరుకోవద్దు. మన దగ్గర వేరుపడటమంటే తగువే అనుకుంటారు. “ఏటి బాబూ, మీరూ మీరూ తగువులాడుకున్నారేటి?” అన్నదే మొదటి ప్రశ్న. అందుకే పాత కంపెనీ యజమాని, కొత్తదాన్ని నడిపే మనిషి ఇద్దరూ కలిసి పెద్ద కస్టమర్ల దగ్గరకు వెళ్ళండి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగితే సగం అనుమానం అక్కడే పోతుంది. రెండో ప్రశ్న, “ఇకమీదట పాడైతే ఎవలికి ఫోన్ చెయ్యాల?” దానికి ఒకే నంబరు, ఒకే పేరు చెప్పగలగాలి. పాత సపోర్టు నంబరును కొత్త కంపెనీకే ఇచ్చేయండి.

ఒప్పందాలను కస్టమరు, పాత కంపెనీ, కొత్త కంపెనీ ముగ్గురి సంతకాలతో మార్చండి. ముందే కట్టిన వార్షిక ఫీజులో మిగిలిన నెలల బాధ్యత కొత్త కంపెనీదని, ఆ డబ్బు పాత కంపెనీ దానికి ఇస్తుందని అందులో రాయండి. కస్టమర్ల దగ్గర పనిచేసే కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు మీ సర్వర్లో ఉంటాయి. అది వ్యక్తిగత డేటా. 2023 డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి కాబట్టి ఆ డేటా ఏ సంస్థ చేతిలోకి మారుతోందో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

9. సాంకేతికంగా విడదీయడం

ఆలస్యమయ్యే పనులు ముందు మొదలుపెట్టండి. ఎస్‌ఎంఎస్‌ల కోసం కొత్త కంపెనీ డీఎల్‌టీలో (వ్యాపార ఎస్‌ఎంఎస్‌ల నమోదు వ్యవస్థలో) మళ్ళీ రిజిస్టర్ కావాలి, హెడర్ (పంపేవాళ్ళ పేరు), టెంప్లేట్లు అన్నీ కొత్తగా ఆమోదం పొందాలి. గూగుల్ ప్లేలో సంస్థ ఖాతాకు డన్స్ నంబరు (సంస్థలకు ఇచ్చే గుర్తింపు నంబరు) కావాలి, అది రావడానికి వారాలు పట్టొచ్చు. ఖాతా వచ్చాక యాప్‌ను బదిలీ చేస్తే డౌన్‌లోడ్లు, రేటింగులు, రివ్యూలు దాంతోపాటే వస్తాయి. కొత్తగా అప్‌లోడ్ చేసి ఉన్నవి పోగొట్టుకోకండి. పేమెంట్ గేట్‌వే బదిలీ అవదు, కొత్త కేవైసీ కావాలి. యూపీఐ ఆటోపే పెట్టుకున్న కస్టమర్లందరూ మళ్ళీ అనుమతి ఇవ్వాలి. ఆ నెల ఆదాయం తగ్గుతుందని ముందే లెక్కవేసుకోండి.

డొమైను, క్లౌడ్ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో చూడండి. చాలాసార్లు ఎప్పుడో మానేసిన కుర్రాడి జీమెయిల్ మీద దొరుకుతాయి. డేటాబేసును విడదీశాక, పాతది చదవడానికి మాత్రమే వీలుండేలా కొన్నాళ్ళు ఉంచండి.

10. మధ్యకాలం ఒప్పందం

మొదటి కొన్ని నెలలు కొత్త కంపెనీ పాతదాని గదిలోనే ఉంటుంది, దాని అకౌంటెంటునే వాడుకుంటుంది. తప్పులేదు. నెలకు ఎంత, ఏ పనికి, ఏ తేదీతో ముగుస్తుంది అన్నది రాసి, బిల్లు వేసి, బ్యాంకు ద్వారా కట్టండి. ముగింపు తేదీ లేని సాయం రెండువైపులా అప్పుగానే మిగిలిపోతుంది. కొత్త పనులు ఎవరు చేస్తారో కూడా అందులోనే తేల్చండి: జీడిపప్పు వ్యాపారి వెబ్‌సైటు కావాలంటే పాత కంపెనీకి పంపాలి, కాలేజీ వాళ్ళు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ అడిగితే కొత్తదానికి పంపాలి.

11. మారిన తర్వాత నెల

కస్టమర్లు టీడీఎస్ కోస్తుంటే కొత్త పాన్ మీదే జమ అవుతోందో లేదో ఆదాయపు పన్ను సైటులోని టీడీఎస్ స్టేట్‌మెంటులో చూడండి. బిల్లుల మీద కొత్త జీఎస్‌టీ నంబరు పడుతోందా, ప్రింట్ టెంప్లేట్లలో పాతది ఎక్కడైనా మిగిలిందా చూడండి. పాత కంపెనీ వాళ్ళ లాగిన్లన్నీ తీసేయండి, యజమానిది కూడా. కొందరు వ్యాపారులు ఎన్నిసార్లు చెప్పినా పాత ఖాతాకే డబ్బు వేస్తారు. ఆ డబ్బును ఇతర లెక్కల్లో సర్దుకోకుండా, అంతే మొత్తాన్ని అదే వారంలో కొత్త ఖాతాకు పంపి, రెండు కంపెనీల పుస్తకాల్లోనూ రాయించండి.